వైద్యం ఊరికి వస్తోంది.. ఊరి మాట వినేదెవరు?

పాలకొల్లు: రోగి ఆసుపత్రికి వెళ్లడం కాదు, వైద్యమే రోగి గడప దగ్గరకు రావాలని ప్రభుత్వాలు కొన్నేళ్లుగా చెబుతూ వస్తున్నాయి. పేర్లు మారుతున్నా, పార్టీలు మారుతున్నా ఈ మాట మాత్రం మారలేదు. రక్తపోటు, మధుమేహ పరీక్షలు, నెలవారీ మందులు, గర్భిణుల పరీక్షలు, మంచం పట్టిన వృద్ధుల పరామర్శ వంటి సేవలు పట్టణ ఆసుపత్రుల నుంచి పల్లెలోని ఉప కేంద్రాలకు, అక్కడి నుంచి ఇళ్లకు క్రమంగా తరలుతున్నాయి. ఆలోచన మంచిదే. కాదనేవారెవరూ లేరు. అయితే ఏ సేవ ఊరికి రావాలి, ఏది ఆసుపత్రిలోనే నిలవాలి, దానికి మనుషులు, మందులు, డబ్బు ఎక్కడి నుంచి వస్తాయి అన్న ప్రశ్నలకు సమాధానాలు రాజధాని స్థాయిలోనే ఖరారవుతున్నాయి. ఆ సేవలపై ఆధారపడి బతికే పాలకొల్లు, యలమంచిలి, పోడూరు, ఆచంట మండలాల జనానికి జీవో వెలువడిన తరువాతే సంగతి తెలుస్తోంది. మార్పు ఎవరికోసమో వారినే అడగకపోతే ఆ మార్పు నిలుస్తుందా? గోదావరి డెల్టాలో ఇరవై ఏళ్లుగా జరిగిన ప్రయోగాలను పరిశీలిస్తే సమాధానం కొంతవరకు దొరుకుతుంది.

డెల్టాను కుంగదీస్తున్నది దీర్ఘవ్యాధులే

పచ్చని పంటచేలు, కొబ్బరితోటలు, నిండు కాలువలు చూసి ఈ ప్రాంతానికి ఆరోగ్య సమస్యలు తక్కువని భావించేవారున్నారు. వాస్తవం వేరు. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో 2003-04లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనం పేరిట మరణాల నమోదు జరిగింది. సుమారు 1.80 లక్షల జనాభాలో ఏడాది కాలంలో నమోదైన 1,354 మరణాల కారణాలను పరిశోధకులు ఇంటింటికీ వెళ్లి ఆరా తీశారు. అందులో 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్ల సంభవించినవే. గాయాలు, ప్రమాదాల వాటా 13 శాతం కాగా, అంటువ్యాధుల వాటా 12 శాతం. పల్లెల్లో జనం అంటురోగాలతోనే చనిపోతారన్న పాత అభిప్రాయాన్ని ఈ లెక్కలు తలకిందులు చేశాయి. అదే పరిశోధన బృందం 20 గ్రామాల్లో జరిపిన మరో పరిశీలనలో 30 ఏళ్లు దాటినవారిలో సుమారు 13 శాతం మందికి మధుమేహం ఉన్నట్లు తేలింది.

ఈ జబ్బుల స్వభావమే వేరు. మలేరియాకు వారం మందులతో ముగింపు ఉంటుంది. రక్తపోటుకు, చక్కెర వ్యాధికి ముగింపు లేదు. ప్రతి నెలా పరీక్ష, ప్రతిరోజూ మాత్ర, ఏడాదికోసారి కళ్లు, మూత్రపిండాలు, పాదాల తనిఖీ అవసరం. దీనికోసం ఆచంట నుంచో, యలమంచిలి నుంచో కూలి మానుకుని పట్టణానికి రావడం, ఓపీ చీటీ కోసం నిలబడటం, సాయంత్రానికి తిరిగి వెళ్లడం పేదవారికి అలవికాని పని. ఒక నెల మానేస్తారు, తరువాత రెండు నెలలు మానేస్తారు. చివరకు పక్షవాతంతోనో, గుండెపోటుతోనో అదే ఆసుపత్రికి వస్తారు. అందుకే దీర్ఘవ్యాధుల వైద్యం ఊరికి చేరాలన్న వాదనకు డెల్టాలో మరింత బలం ఉంది.

ఇరవై ఏళ్లు.. ఎన్నో ప్రయోగాలు

ఊరికి వైద్యం తెచ్చే ప్రయత్నం కొత్తదేమీ కాదు. 1946లో భోర్ కమిటీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వ్యవస్థకు బీజం వేసింది. 1978 నాటి ఆల్మా-ఆటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్య సేవల్లో ప్రజల భాగస్వామ్యం వారి హక్కు, బాధ్యత అని చాటింది. ఉమ్మడి రాష్ట్రంలో 2005 ఆగస్టులో 108 అంబులెన్సులు రోడ్డెక్కాయి. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైంది. 2008 నుంచి 104 సంచార వాహనాలు నిర్ణీత తేదీల్లో పల్లెలకు వెళ్లి బీపీ, షుగరు చూసి నెలకు సరిపడా మందులు ఇవ్వడం ప్రారంభించాయి.

ఇదే కాలంలో భీమవరం పరిసరాల్లో బైర్రాజు ఫౌండేషన్ గ్రామ ఆరోగ్య కేంద్రాలను నడిపింది. పైన చెప్పిన అధ్యయనంలోనూ ఆ సంస్థ భాగస్వామి. అయితే 2009 జనవరిలో సత్యం కంప్యూటర్స్ కుంభకోణం వెలుగుచూడటంతో ఆ కుటుంబం ఆధ్వర్యంలోని సేవా కార్యక్రమాలు కుంచించుకుపోయాయి. సేవ ఎంత మంచిదైనా ఒకే సంచి మీద ఆధారపడితే ఆ సంచి చిరిగిననాడు ఊరు ఏమవుతుందో చెప్పడానికి ఇదొక ఉదాహరణ.

తరువాతి దశాబ్దంలో పశ్చిమగోదావరిలోని 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో మరో ప్రయోగం జరిగింది. ఆశా కార్యకర్తల చేతికి ట్యాబ్లెట్లు ఇచ్చి, ఇంటింటికీ పంపి గుండెజబ్బు ముప్పు ఉన్నవారిని గుర్తింపజేశారు. వారిని వైద్యుడి దగ్గరకు పంపారు. 2019లో వెలువడిన ఫలితాలు ఆలోచింపజేసేవిగా ఉన్నాయి. వైద్యుడి దగ్గరకు వెళ్లినవారి సంఖ్య పెరిగింది. కానీ రక్తపోటు అదుపులోకి వచ్చినవారి విషయంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. గడప దగ్గర జబ్బును గుర్తించడం సగం పనే. గుర్తించిన తరువాత వైద్యుడు, మందు, మళ్లీ పిలిచి చూసే ఏర్పాటు నిలకడగా ఉంటేనే మిగిలిన సగం పూర్తవుతుంది.

పేర్లు మారాయి.. ప్రశ్నలు మిగిలాయి

2018లో కేంద్ర ప్రభుత్వం ఆయుష్మాన్ భారత్ కింద ఉప కేంద్రాలను ఆరోగ్య, స్వస్థత కేంద్రాలుగా మార్చే పథకాన్ని ప్రకటించింది. రాష్ట్రంలో 10,032 గ్రామ ఆరోగ్య క్లినిక్‌లకు గత ప్రభుత్వం శ్రీకారం చుట్టింది. ఒక్కోదానిలో నర్సింగ్ పట్టభద్రులైన మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బందిని, వారితోపాటు ఏఎన్ఎంను, ఆశా కార్యకర్తలను ఉంచే ఏర్పాటు చేసింది. 2020 జులై 1న 1,088 కొత్త 108, 104 వాహనాలను విజయవాడలో ప్రారంభించారు. 2022 అక్టోబరులో ప్రయోగాత్మకంగా మొదలై, 2023 ఏప్రిల్ 6న పల్నాడు జిల్లా లింగంగుంట్లలో లాంఛనంగా ప్రారంభమైన ఫ్యామిలీ డాక్టర్ విధానం ప్రకారం పీహెచ్‌సీ వైద్యుడు నెలలో రెండుసార్లు 104 వాహనంతో గ్రామానికి వెళ్లాలి. ఉదయం ఓపీ చూడాలి. మధ్యాహ్నం మంచం దిగలేనివారి ఇళ్లకు వెళ్లాలి.

2024లో ప్రభుత్వం మారింది. ఆరోగ్యశ్రీ పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది. గ్రామ క్లినిక్‌ల పేరూ మారింది. 2025లో కుప్పంలో డిజిటల్ నెర్వ్ సెంటర్ ప్రారంభమైంది. ఉప కేంద్రం నుంచి పెద్దాసుపత్రి వరకు రోగి వివరాలన్నీ ఒకే గొలుసులో ఉంచడం దీని ఉద్దేశం. సంజీవని పేరిట దీన్ని ఇతర ప్రాంతాలకు విస్తరిస్తామని ప్రభుత్వం ప్రకటించింది.

కాగితం మీద ఇవన్నీ ఒకదానికొకటి తోడయ్యేవే. క్షేత్రంలో మాత్రం మనుషులే కీలకం. 2025లో మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది తమ ఉద్యోగ సమస్యలపై సమ్మెకు దిగారు. అదే ఏడాది సెప్టెంబరు చివర పీజీ సీట్ల కోటా తదితర అంశాలపై పీహెచ్‌సీ వైద్యులు విధులు బహిష్కరించారు. వారి డిమాండ్లలో న్యాయం ఎంత అన్నది వేరే చర్చ. ఆసుపత్రిలో ఒకరు రాకపోతే మరొకరు ఉంటారు. ఊరి క్లినిక్‌లో ఒక్కరే ఉంటారు. ఆ ఒక్కరూ రాని రోజు ఊరికి వైద్యం లేనట్లే. సేవను ఊరికి తరలించేముందు ఆలోచించవలసిన మొదటి విషయం ఇదే.

దగ్గులూరు చెప్పే పాఠం

పాలకొల్లులో ఈ చర్చ వైద్య కళాశాల ప్రస్తావన లేకుండా సాగదు. 2021 మే 31న నాటి ముఖ్యమంత్రి 14 కొత్త వైద్య కళాశాలలకు ఒకేసారి శంకుస్థాపన చేశారు. వాటిలో పాలకొల్లు ఒకటి. మండలంలోని దగ్గులూరు వద్ద పనులు మొదలయ్యాయి. 2023-24లో రాష్ట్రంలో ఐదు కళాశాలలు తరగతులు ప్రారంభించినా పాలకొల్లుకు ఆ అదృష్టం దక్కలేదు. 2025 సెప్టెంబరులో పది కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్య విధానంలో చేపట్టాలని రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయించింది. ఆ జాబితాలో పాలకొల్లు కూడా ఉంది. నిధుల కొరత మధ్య త్వరగా పూర్తిచేయడానికి ఇదే మార్గమని ప్రభుత్వం వాదించింది. ఇది ప్రైవేటుపరం చేయడమేనంటూ ప్రతిపక్ష వైకాపా 2025 అక్టోబరులో కోటి సంతకాల సేకరణ మొదలుపెట్టి, డిసెంబరులో గవర్నరుకు అందజేసింది.

రెండు పక్షాల వాదనల్లోనూ ఒక లోటు కనిపిస్తుంది. కళాశాల ఎవరి చేతిలో ఉండాలన్న దానిపై మాటల యుద్ధం నడిచింది. ఆ కళాశాలకు అనుబంధంగా వచ్చే బోధనాసుపత్రి ఈ ప్రాంతానికి ఏ సేవ చేయాలి, అది వస్తే ఇప్పుడున్న ప్రభుత్వాసుపత్రి పాత్ర ఏమిటి, చుట్టుపక్కల పీహెచ్‌సీలతో దానికి సంబంధం ఎలా ఉండాలి అన్నవి చర్చకే రాలేదు. సంతకం పెట్టిన సామాన్యుడు అవునో కాదో చెప్పగలడు గానీ తన ఊరికి ఏం కావాలో ఆ కాగితం మీద రాయలేడు. సంతకాల సేకరణ రాజకీయ పార్టీ హక్కు. అది ప్రజాభిప్రాయ సేకరణకు ప్రత్యామ్నాయం కాదు. ఫోన్ చేసి సంతృప్తిగా ఉన్నారా, ఒకటి నొక్కండి, లేరా, రెండు నొక్కండి అని అడిగే సర్వేలూ అంతే. జరిగిపోయిన దాని మీద మార్కులు వేయించుకోవడం వేరు, జరగబోయే దాని మీద మాట తీసుకోవడం వేరు.

పెద్దాసుపత్రి ఊసు వచ్చినప్పుడు దూరం కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగి పశ్చిమగోదావరికి భీమవరం కేంద్రమైంది. ఏలూరు వేరే జిల్లాగా ఏర్పడింది. దాంతో ఏలూరు బోధనాసుపత్రి పొరుగు జిల్లాకు వెళ్లింది. ప్రాణాపాయ స్థితిలో ఉన్న రోగిని ఏలూరుకో, రాజమహేంద్రవరానికో, కాకినాడకో తరలించక తప్పని పరిస్థితి. ఊరి క్లినిక్ ఎంత బాగా పనిచేసినా ఆ దూరాన్ని తగ్గించలేదు. చిన్న జబ్బులకు ఊరి వైద్యం, పెద్ద జబ్బులకు దగ్గరలో ఆసుపత్రి ఏకకాలంలో కావాలి. ఒకటి ఇచ్చి రెండోది మరచిపోవడం సరికాదు.

ఒక రోగి.. ముగ్గురు యజమానులు

సమీకృత వైద్యం అన్న మాట వినడానికి బాగుంది. దానికి అడ్డంకి శాఖ లోపలే ఉంది. ఉప కేంద్రం, పీహెచ్‌సీ ప్రజారోగ్య విభాగం కిందకు వస్తాయి. పట్టణాల్లోని సామాజిక ఆరోగ్య కేంద్రాలు, ఏరియా, జిల్లా ఆసుపత్రులు 1986 చట్టంతో పుట్టిన వైద్య విధాన పరిషత్ వ్యవస్థలో పెరిగినవి. బోధనాసుపత్రులు వైద్య విద్య విభాగానివి. రోగి ఒక్కడే అయినా యజమానులు ముగ్గురు. బడ్జెట్లు వేరు, బదిలీలు వేరు, రికార్డులు వేరు. పెద్దాసుపత్రిలో పక్షవాతానికి చికిత్స పొంది ఇంటికి చేరిన వ్యక్తి గురించి ఊరి ఏఎన్ఎంకు వెంటనే తెలియాలి. ఏ మందు మానకూడదో, ఏ వ్యాయామం చేయించాలో ఆమెకు రాతపూర్వకంగా అందాలి. ఈ సమాచారం నిలువుగా పైకి వెళ్లినంత సులువుగా కిందికి రావడం లేదన్నది వైద్య వర్గాల్లో చాలాకాలంగా ఉన్న మాట.

ఇక జాబితాలో లేని నాలుగో వ్యక్తి ఆర్ఎంపీ. జ్వరం వచ్చినా, నడుం పట్టేసినా పల్లెవాసి ముందుగా తలుపు తట్టేది ఆయన దగ్గరే. చట్టం ఆయనను వైద్యుడిగా గుర్తించదు. జనం నమ్మకం ఆయనను వదలదు. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్ఎంపీలకు శిక్షణ ఇచ్చి ప్రాథమిక ఆరోగ్య కార్యకర్తలుగా తీర్చిదిద్దే ప్రయత్నం జరిగి మధ్యలోనే ఆగింది. హోమియో, ఆయుర్వేదం మీద ఆధారపడేవారూ ఈ ప్రాంతంలో తక్కువేమీ కాదు. పాలకొల్లులో పుట్టి వెండితెరపై నవ్వులు పంచిన అల్లు రామలింగయ్య హోమియో వైద్యుడన్న సంగతి, రాజమహేంద్రవరంలోని ప్రభుత్వ హోమియో వైద్య కళాశాల ఆయన పేరు మోస్తున్న సంగతి ఇక్కడివారికి తెలిసిందే. సమీకృత వైద్యమంటే వీటన్నిటినీ ఏ హద్దుల్లో ఉంచాలో తేల్చడం కూడా. జనం నిజంగా ఎక్కడికి వెళుతున్నారో అడగకుండా ఈ హద్దులు గీయలేరు.

కర్మాగారానికి విచారణ.. ఆసుపత్రికి మౌనం

డెల్టా ప్రజలకు ప్రజాభిప్రాయ సేకరణ కొత్త కాదు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం ఆ జాబితాలోని పెద్ద పరిశ్రమలు చాలావరకు బహిరంగ విచారణను ఎదుర్కోవాలి. పత్రికల్లో ప్రకటన ఇచ్చి కనీసం 30 రోజులు గడువు ఇవ్వాలి. కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహించాలి. కార్యక్రమాన్ని వీడియో తీయాలి. జనం చెప్పిన అభ్యంతరాలను రాసి, చివరలో స్థానిక భాషలో సభకు చదివి వినిపించాలి. ఈ విచారణలు ఎంత నిజాయతీగా సాగుతున్నాయన్న దానిపై విమర్శలు ఉన్నాయి. భీమవరం సమీపంలోని తుందుర్రు ఆక్వా ఫుడ్‌పార్కు వివాదం జనం మాటను ముందే పట్టించుకోకపోతే ఊళ్లు ఎంతగా అట్టుడుకుతాయో చూపింది. అయినా అడగాలన్న నిబంధన అంటూ ఒకటి ఉంది.

ఆసుపత్రి సేవల తరలింపుకు ఇటువంటి తప్పనిసరి విచారణ ఏదీ లేదు. కాన్పుల విభాగాన్ని ఒకచోట నుంచి మరోచోటికి మార్చినా, వైద్య నిపుణుడి పోస్టును వేరే ఆసుపత్రికి సర్దినా, పరీక్షా కేంద్రాన్ని తగ్గించినా పరిపాలనా ఉత్తర్వు సరిపోతుంది. అలాగని వేదికలు లేవా అంటే ఉన్నాయి. రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 23వ అంశం ఆసుపత్రులు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, డిస్పెన్సరీలతో సహా ఆరోగ్యం, పారిశుద్ధ్యాన్ని పంచాయతీలకు అప్పగించదగిన అధికారాల్లో చేర్చింది. ఆసుపత్రులకు అభివృద్ధి సంఘాలున్నాయి. గ్రామానికి ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార కమిటీ ఉంది. ఉప కేంద్రం స్థాయిలో సర్పంచి అధ్యక్షతన జన ఆరోగ్య సమితి ఏర్పాటు చేయాలని కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. గ్రామసభ ఎలాగూ ఉంది. ఇన్ని ఉన్నా వీటి ముందుకు వచ్చేవి సున్నం వేయించడం, ఫ్యాన్లు బాగుచేయించడం వంటి చిల్లర ఖర్చులే తప్ప సేవల రూపురేఖలు కాదు. కమిటీలకు సంతకం ఉంది, గొంతు లేదు.

ఇంటి మీద పడే భారం ఎవరిది?

ఊరికి, ఇంటికి వైద్యం వస్తుందంటే ఆసుపత్రిలో నర్సు చేసే పనిలో కొంత ఇంట్లో ఎవరో ఒకరు చేయాలని అర్థం. ఆ ఎవరో ఒకరు దాదాపు ఎప్పుడూ స్త్రీయే. కోడలో, కూతురో, భార్యో. మంచం పట్టిన మామగారిని పక్కకు తిప్పడం, పుండ్లు పడకుండా చూడటం, వేళకు ఇన్సులిన్ ఇవ్వడం ఆమె పనే. దీనికి జీతం లేదు, సెలవు లేదు, లెక్క అసలే లేదు.

లెక్కకు రాని ఇంటిపని గురించి ఈ ప్రాంతానికి చేదు అనుభవం ఉంది. నరసాపురం, పాలకొల్లు పరిసరాల్లో ఇంట్లో కూర్చుని లేసులు అల్లే మహిళల శ్రమపై జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ చేసిన అధ్యయనం 1982లో పుస్తకంగా వచ్చింది. రోజంతా అల్లినా వారిని శ్రామికులుగా గాక ఖాళీ సమయంలో చేతులాడించే గృహిణులుగా చూస్తున్నారని ఆమె ఎత్తిచూపారు. నరసాపురం లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లిన చేతులకు గుర్తింపు ఎంతన్నది ఇప్పటికీ ప్రశ్నే. ఇంటి వద్ద వైద్యం పేరిట అదే స్త్రీల మీద మరో లెక్కలేని పని మోపితే పొదుపు ప్రభుత్వానికి, భారం ఇంటికి అవుతుంది.

మరో కోణమూ ఉంది. ఈ ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వలస వెళ్లినవారిలో మహిళలు గణనీయంగా ఉన్నారు. పిల్లలు హైదరాబాద్‌లోనో, విదేశాల్లోనో స్థిరపడిన ఇళ్లూ తక్కువ కాదు. ముసలి దంపతులు లేదా ఒంటరి వృద్ధులు మిగిలిన ఇంటికి వైద్యం పంపితే తలుపు తీసేవారే ఉండకపోవచ్చు. ఇలాంటి ఇళ్లు ఊరికి ఎన్ని ఉన్నాయో ఆశా కార్యకర్తకు తెలుసు. సర్పంచికి తెలుసు. పథకం రూపొందించేవారు వారిని అడగాలి.

లంకల లెక్క వేరు

యలమంచిలి మండలంలోని కనకాయలంక వంటి గ్రామాలకు గోదావరి వరద వచ్చిందంటే కాజ్‌వే మునిగి పడవే దిక్కవుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు పైగా ప్రవాహం నమోదైనప్పుడు లంకలు రోజుల తరబడి నీటిలోనే ఉన్నాయి. మైదానంలోని ఊరికి నెలకు రెండుసార్లు 104 వాహనం చాలవచ్చు. లంకకు ఆ లెక్క కుదరదు. వరద రోజుల్లో నెల రోజుల మందులు ముందే ఇళ్లకు చేరాలి. నెలలు నిండిన గర్భిణులను నీరు పెరగకముందే ఒడ్డుకు చేర్చాలి. పాముకాటుకు విరుగుడు ఇచ్చే ఆసుపత్రి ఏ రేవుకు దగ్గరో పడవ నడిపేవాడికి కూడా తెలిసి ఉండాలి. కొబ్బరిచెట్టు మీద నుంచి పడి వెన్ను విరిగిన కార్మికుడికి ఊరి క్లినిక్ ఏమీ చేయలేదు. అతనికి కావలసింది ఆసుపత్రే. ఇటువంటి తేడాలన్నీ ఊరివారి నోటి నుంచి వినాలే తప్ప రాష్ట్రమంతటికీ ఒకే కొలత పనికిరాదు.

ఇతరులు ఎలా అడుగుతున్నారు?

ఆసుపత్రి నుంచి సమాజంలోకి వైద్యం తరలించడం ప్రపంచమంతటా సాగుతున్న మార్పే. ఇంగ్లండ్‌లో 2025 జులైలో వెలువడిన పదేళ్ల ఆరోగ్య ప్రణాళికలోని మూడు ప్రధాన మార్పుల్లో ఇది మొదటిది. దానికి ముందు 2024 అక్టోబరు నుంచి ప్రజలను, సిబ్బందిని అభిప్రాయాలు అడిగారు. సేవల్లో మార్పులు ప్రతిపాదించేటప్పుడు ప్రజలకు భాగస్వామ్యం కల్పించాలని అక్కడి 2006 చట్టం ఆసుపత్రి సంస్థలను ఆదేశిస్తోంది. బ్రెజిల్‌లో 1990 నాటి చట్టం ప్రకారం ఆరోగ్య మండళ్లలో సగం స్థానాలు సేవలు పొందే ప్రజలవి. థాయ్‌లాండ్ 2007లో చట్టం చేసి జాతీయ ఆరోగ్య సభను నిర్వహిస్తోంది.

అంత దూరం పోనక్కరలేదు. కేరళ 1990ల మధ్యలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను పంచాయతీలకు అప్పగించింది. 2008లో ఉపశమన వైద్యానికి ప్రత్యేక విధానం తెచ్చి, నయంకాని జబ్బులతో ఉన్నవారి ఇళ్లకు నర్సులు వెళ్లే పనిని స్థానిక సంస్థల బాధ్యతగా చేసింది. తమిళనాడు 2021 ఆగస్టు 5న కృష్ణగిరి జిల్లాలో ప్రారంభించిన ఇంటివద్దకే వైద్యం పథకంలో స్వయంసహాయక సంఘాల మహిళలను ఆరోగ్య కార్యకర్తలుగా నియమించి బీపీ, షుగరు మందులు చేరవేస్తోంది. డ్వాక్రా సంఘాలు బలంగా ఉన్న మన జిల్లాల్లో ఈ మార్గం అసాధ్యమేమీ కాదు. అయితే వారికి తగిన ప్రతిఫలం ఇవ్వడం తప్పనిసరి.

ఏం అడగాలి.. ఎలా అడగాలి?

పాలకొల్లు నియోజకవర్గాన్ని నమూనాగా తీసుకుని ప్రభుత్వం ఒక ప్రజాభిప్రాయ సేకరణ చేపట్టవచ్చు. దానికి కొత్త చట్టం కూడా అవసరం లేదు. కలెక్టరు ఉత్తర్వు, గ్రామసభ, పురపాలక వార్డు సభ చాలు. కాకపోతే అడిగే తీరు ముఖ్యం.

మొదట, ఏ సేవలు ఊరికి వస్తాయి, ఏవి ఆసుపత్రిలో ఉంటాయి, ఏ తేదీ నుంచి అన్నది ఒకే కాగితం మీద తేట తెలుగులో రాసి సచివాలయం గోడకు అంటించాలి. బీపీ, షుగరు తదుపరి పరీక్షలు, గర్భిణుల నెలవారీ తనిఖీలు, పుండ్లకు కట్లు, పక్షవాత రోగుల వ్యాయామం, ఉపశమన వైద్యం ఊరికి రాదగినవి. శస్త్రచికిత్స కాన్పులు, ప్రమాద చికిత్స, విషం, పాముకాటు, బలహీన శిశువుల సంరక్షణ ఆసుపత్రిని దాటకూడదు. ఈ విభజన సరైనదేనా అని జనాన్నే అడగాలి.

రెండోది, డబ్బు. ఆసుపత్రి నుంచి రోగులు తగ్గితే అక్కడి నిధి ఊరికి వస్తుందా, లేక రెండుచోట్లా కోత పడుతుందా? గ్రామ కమిటీకి ఏడాదికి కేంద్రం ఇచ్చే రూ.10 వేలతో ఈ బరువు మోయలేరు. ఏ పద్దు ఎంత అన్నది సభలో చెప్పాలి. ఊరి కేంద్రం కనీసం ఏడాదిపాటు మందులు, మనుషులతో నిలకడగా నడిచిన తరువాతే ఆసుపత్రిలోని సేవను తగ్గిస్తామని రాతపూర్వకంగా హామీ ఇవ్వాలి.

మూడోది, వేళ. ఉదయం పదకొండు గంటలకు సభ పెడితే కూలీలు రారు. రొయ్యల షెడ్లలో పనిచేసే మహిళలు రారు. వరికోతల రోజుల్లో పెడితే రైతులూ రారు. సాయంత్రం వేళ, పేటల్లో, లంకల్లో విడివిడిగా కూర్చోవాలి. మహిళలతో వేరుగా మాట్లాడాలి. ఆశా కార్యకర్తలు, ఏఎన్ఎంలు పైఅధికారి ఎదుట నోరు విప్పలేరు కాబట్టి వారి మాట వినడానికి వేరే ఏర్పాటు ఉండాలి.

నాలుగోది, జవాబు. పర్యావరణ విచారణలో మాదిరిగా చెప్పిన అభ్యంతరాలను సభలోనే చదివి వినిపించాలి. వాటిలో దేన్ని అంగీకరించారో, దేన్ని ఎందుకు కాదన్నారో మూడు నెలల్లో అదే గోడ మీద అంటించాలి. అడిగి ఊరుకోవడం అడగకపోవడం కన్నా చెడ్డది. ఒకసారి మోసపోయిన ఊరు రెండోసారి సభకు రాదు.

అడిగితే జాప్యం అవుతుందని, రాజకీయం చొరబడుతుందని అధికారులు సందేహించవచ్చు. ఆ సందేహంలో కొంత నిజం లేకపోలేదు. అయితే అడగకుండా చేసిన పథకాలు ఎంత వేగంగా వచ్చాయో అంత వేగంగా పేరు మార్చుకున్నాయి, నిధులు లేక నీరసించాయి. 2024లో రాష్ట్ర దీర్ఘకాలిక దార్శనిక పత్రం కోసం పౌరుల సూచనలు కోరిన ప్రభుత్వానికి ఒక నియోజకవర్గ వైద్యంపై అభిప్రాయం అడగడం కష్టమైన పని కాదు. ప్రజలు తమదనుకున్న వ్యవస్థను ఏ ప్రభుత్వం వచ్చినా కదపలేదు. పల్లె క్లినిక్ తలుపు మీద ఏ పేరు రాసి ఉందన్నది యలమంచిలి కూలీకి ముఖ్యం కాదు. ఆ తలుపు రేపు కూడా తెరిచి ఉంటుందా అన్నదే ముఖ్యం. ఆ భరోసా ఇవ్వాలంటే ముందుగా అతని మాట వినాలి.